పది గజాల ఇవతల

ఆ రోజు పొద్దున ఆకాశం ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఒక పక్క ఎండ, ఒక పక్క మబ్బు. పైనుంచి ఉత్తరువు వచ్చేదాకా ఎటూ మొగ్గని ఆఫీసులా ఉంది. గొట్టాల కంపెనీ నోటీసు బోర్డు మీద మాత్రం ఉత్తరువు వచ్చేసింది. "ఖాళీగా ఉన్న స్టోర్సు సూపరింటెండెంటు పదవికి అర్హులైన ఇద్దరు ఉద్యోగులు వచ్చే ఆదివారం మేనేజరు గారితో గోల్ఫు ఆడవలసిందిగా కోరడమైనది. ఇందులో నిర్బంధం ఏమీ లేదు. రానివారిని గుర్తుంచుకోవడం జరుగుతుంది."

మేనేజరు గారు సిబ్బందిని పిలిచి ఈ పద్ధతిలోని న్యాయాన్ని వివరించారు. "పరీక్ష పెడితే చదివినవాడు నెగ్గుతాడు. ప్రశ్నలడిగితే పని తెలిసినవాడు నెగ్గుతాడు. ఇంతకంటే పక్షపాతం ఉందా? మైదానంలో అందరూ సమానమే. అక్కడ నేను కూడా మామూలు మేనేజర్నే!" అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఇద్దరిలో ఒకడు తూకం గుమాస్తా. రెండోవాడు స్టోర్సు గుమాస్తా, అంటే మన సర్దుబాటు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, సంపాదించుకున్నది. కుర్చీ కాలు విరిగితే ఇటుక పెట్టి సర్దుకున్నాడు. జీతం పెరగకపోతే బెల్టుకి ఇంకో కన్నం పొడిచి సర్దుకున్నాడు. అతను సర్దుకోనిది ఒక్క క్యారమ్స్‌లోనే. మధ్యాహ్నం స్టోర్సు గదిలో, తన కింద పనిచేసే ముసలి ప్యాకరుతో ఆడేవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఓడలేదు. ప్యాకరు చివరి కాయ దాకా వచ్చి, సరిగ్గా అక్కడే తప్పేవాడు.

"అయ్యో, అంచుకి తగిలింది సార్!"

"చెయ్యి వణికితే ఆట రాదు బాబాయ్. నన్ను చూసి నేర్చుకో" అనేవాడు సర్దుబాటు. బాబాయ్ శ్రద్ధగా చూసేవాడు.

గోల్ఫు ఆడాలంటే ముందు డ్రైవరు ఉండాలి. బంతిని మొదటి దెబ్బలోనే బహుదూరం పంపే పొడుగు కర్రకి ఆ పేరు. చివర గుండ్రటి తల, దానికో మొహం, పైన పట్టుకోవడానికి సన్నటి కాడ. దాని ఖరీదు వింటే మనిషికి కూడా మొహం ఉండదు. సర్దుబాటు ఇంట్లో డబ్బు లేకపోలేదు. వంటింటి కప్పు కురుస్తోందని, బాగు చేయించడానికి భార్య పప్పుల డబ్బాలో దాచింది.

"ఏమండీ, కర్ర కొంటే కప్పు కురవడం మానేస్తుందా?"

"సూపరింటెండెంటునైతే ఇల్లే మారిపోదామే."

"బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడుతున్నాడు మీ మేనేజరు."

"ఆయన పెట్టగలరు. అందుకేగా మేనేజరయ్యింది!"

ఆవిడ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది, మూత మాత్రం తను తియ్యలేదు.

ఆటసామాను దుకాణంలో గోడకి వల కట్టి, పక్కన ఊపు కొలిచే యంత్రం పెట్టారు. సర్దుబాటు ఒక ఊపు ఊపాడు. యంత్రం కాసేపు ఆలోచించింది. దుకాణదారు ఆలోచించలేదు.

"మీది నెమ్మది ఊపండీ. నెమ్మది ఊపుకి మెత్తగా వంగే కాడ ఉండాలి, మొహం కాస్త పైకి చూస్తుండాలి. అచ్చం అలాంటిదే ఒకటుంది. ఎవరో వాడింది, సగం ధరకే ఇచ్చేస్తా. బంతి తిన్నగా, దూరంగా పోతుంది."

డబ్బాలో సగం మిగులుతుందని సర్దుబాటు ప్రాణం లేచొచ్చింది.

"ఇంతకీ ఎవరితో ఆడతారు?"

"మా మేనేజరు గారితోనండీ."

దుకాణదారు చేతిలోని కర్రను మళ్లీ గోడకి తగిలించేశాడు. "ముందే చెప్పొద్దుటండీ! బంతితో పాటు ఉద్యోగం కూడా పోయేది."

ఆపైన అతను చెప్పింది ప్రతి ఉద్యోగీ ఆలకించదగినది. కర్ర కొనేటప్పుడు చూడవలసింది కొనేవాడి ఊపు కాదట, పైవాడి ఊపట. మేనేజరు గారి బంతి నూట ఎనభై గజాలు పోయి కుడిపక్క పొదల్లో పడుతుంది. ఆ కొలతలన్నీ దుకాణంలో భద్రంగా ఉన్నాయి. కాబట్టి సర్దుబాటు బంతి నూట డెబ్బై గజాలు పోయి అదే పొదల్లో, పది గజాల ఇవతల పడాలి. మరీ దగ్గర పడితే వెటకారం, అవతల పడితే తిరుగుబాటు. అందుకు అతని చేతికి నప్పని బిగువు కాడ కావాలి, మొహం వంచుకున్న తల కావాలి. ఇక ధర. మేనేజరు గారి కర్ర కన్నా ఎక్కువుంటే పొగరు. మరీ తక్కువుంటే కంపెనీ జీతాలను విమర్శించినట్టు.

"మరి నప్పనిదానికి అంత ధరేమిటండీ?"

"నప్పేది ఎవడైనా చేస్తాడండీ. ఇంత లెక్కగా నప్పకుండా చెయ్యడం మాటలా?"

డబ్బా ఖాళీ అయింది. ఆ వారమంతా సర్దుబాటు ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఓడిపోవడం సాధన చేశాడు. భార్య బట్టలారేస్తూ చూసింది. శనివారానికి ఎంత చక్కగా కుదిరిందంటే, బంతి పదిసార్లకి పదిసార్లూ కుడిపక్క పక్కింటి బంతిపూల మడిలోనే పడింది.

ఆదివారం మైదానానికి మేనేజరు గారి వెంట డైరెక్టరు గారు కూడా వేంచేశారు. నీడపట్టున కూర్చోవలసిన వయసు. ముందుగా వారు కొట్టారు. బంతి నూట ఇరవై గజాలు పోయింది. తర్వాత మేనేజరు గారు తళతళలాడే కొత్త కర్ర తీశారు. దాని మీద అదే దుకాణం చీటీ కూడా ఇంకా ఊడలేదు. బంతి నూట పది గజాలు పోయి డైరెక్టరు గారి బంతికి సరిగ్గా పది గజాల ఇవతల అణకువగా ఆగింది. మేనేజరు గారు నుదురు కొట్టుకున్నారు. అంత అందంగా నుదురు కొట్టుకోవాలంటే ఏళ్ల అనుభవం కావాలి.

సర్దుబాటుకి పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. తన కర్ర నూట ఎనభై గజాల పాత మేనేజరుకి కొలిచింది. ఇప్పుడున్నది నూట పది గజాల కొత్త మేనేజరు. భయంతో పట్టు వదులైంది. బంతి వంక చూడనైనా చూడకుండా, ఊరికే అలా ఊపాడు. గోల్ఫు నేర్పేవాళ్లు ఏళ్ల తరబడి గొంతు చించుకుని చెప్పే రహస్యం ఇదేనట, వదులుగా ఊపమని. బంతి గాలిలోకి లేచి, అందరి బంతుల మీదుగా, పొదలను పట్టించుకోకుండా తిన్నగా పోయి కనుచూపు దాటింది.

"ఎవరయ్యా ఇతను? భలే కొట్టాడే!" అన్నారు డైరెక్టరు గారు.

"స్టోర్సులోనే ఉంటాడు సార్" అన్నారు మేనేజరు గారు. "ఇక అక్కడే ఉంటాడు."

తూకం గుమాస్తా అసలు కర్ర కొనలేదు. ఎవరి దగ్గరో ఎరువు తెచ్చిన దాన్ని మూడుసార్లు ఊపాడు. మూడుసార్లూ మట్టే లేచింది, బంతి ఉన్నచోటే ఉంది. మేనేజరు గారు అక్కడికక్కడే ఫలితం ప్రకటించారు. "ఈ పదవికి కావలసింది నేల విడిచి సాము చెయ్యని మనిషి. ఇతన్ని చూడండి. మూడుసార్లు ఊపి, ఒక్కసారీ నేల వదల్లేదు!" చూడ్డానికొచ్చిన సిబ్బందితో సహా మళ్లీ అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది సర్దుబాటే.

సాయంత్రానికి ఆకాశం కూడా ఒక నిర్ణయానికొచ్చింది. వాన కురిసింది, దానితో పాటు వంటిల్లూ కురిసింది. భార్య పొయ్యి మీదుగా ప్లాస్టిక్ పట్టా కట్టి, మధ్యలో కర్రను తలకిందులుగా ఎత్తి నిలబెట్టింది. తల గుండ్రంగా ఉండటంతో పట్టా చిరగలేదు. నీళ్లు రెండు పక్కలకీ జారి బకెట్లలో పడ్డాయి.

"మన ఇంటి కొలతకి సరిగ్గా నప్పిందండీ" అంది.

సోమవారం మధ్యాహ్నం స్టోర్సు గదిలో ప్యాకరు ఎప్పటిలాగే క్యారమ్స్ బల్ల తుడిచి కాయలు పేర్చాడు. ఎప్పటిలాగే చివరి కాయ దాకా వచ్చాడు. కాయ గుంత అంచున నిలబడి ఉంది. ఊదినా పడిపోతుంది. ప్యాకరు కొట్టాడు. తగల్లేదు.

"అయ్యో, అంచుకి తగిలింది సార్!"

సర్దుబాటు తన కాయ కొట్టలేదు. ఆ ముసలి చేతివంక చూశాడు. ఆ చెయ్యి వణకడం లేదు.

"బాబాయ్, ఒక్కసారి నిజంగా ఆడవూ!"

ప్యాకరు కాయలన్నీ మెల్లగా పెట్టెలో వేశాడు. "ఈ నెల మా జీతాల పెంపుకి సిఫార్సు రాసేది మీరే కద సార్?"

బల్లను గోడకి చేరేసి ఇద్దరూ క్యారేజీలు విప్పుకున్నారు. ప్యాకరు సర్దుబాటు మొదటి ముద్ద తీసుకునేదాకా ఆగాడు. సర్దుబాటు అది చూసి, ప్యాకరు తినేదాకా తనూ ఆగాడు. అన్నం చల్లారింది. చివరికి ఇద్దరూ ఒకేసారి చేతులు పెట్టి, తలెత్తకుండా తినేశారు.