కారుకు తాగుడు పర్మిట్

రాష్ట్రమంతా మద్యనిషేధం అమలవుతున్న ఆ రోజుల్లో, నస్పూర్ చుట్టుపక్కల ఊళ్లన్నింటిలో తాగడానికి సర్కారు అనుమతి ఉన్నది ఒక్కరికే. ఆ ఒక్కరు రామకిషన్‌రావు గారి కారు. ఊరంతా ఈ గౌరవానికి పొంగిపోయింది. మింగుడుపడనిది ఐలవ్వకు మాత్రమే. ఆమె భర్త కైలాసం ఆ కారుకు డ్రైవరు.

కారు మామూలుది కాదు. రావుగారి బావమరిది దుబాయ్ నుంచి ఓడలో దింపించిన ఎర్రకారు. దాని ఇంజనుకు టర్బో ఉంది. మనమంతా ముక్కుకు అందినంత గాలి పీల్చుకుని బతుకుతాం. టర్బో ఉన్న ఇంజను అలా తృప్తిపడదు. తాను వదిలిన పొగతోనే ఒక చక్రం తిప్పించుకుని, ఆ చక్రంతో ఇంకా ఇంకా గాలి లోపలికి కుక్కించుకుంటుంది. పెద్ద ఇళ్ల స్వభావమే అంత. అలా కుక్కిన గాలి వేడెక్కి ఇంజను లోపల టకటకా కొట్టుకునేది. మొదటి ఎండాకాలమే ఆసిఫాబాద్ దారిలో ఎత్తు ఎక్కలేక కారు ఆగిపోయి, రావుగారు బొగ్గు లారీలో ఇంటికి రావలసి వచ్చింది. ఈ అవమానం ఊరందరిదీ అని పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఉపాయం చెప్పినవాడు లింగమూర్తి. దుబాయ్ గ్యారేజీలో పదేళ్లుగా పనిచేస్తూ సెలవు మీద వచ్చిన మెకానిక్కు. ఇంజనులోకి పోయే గాలి మీద సన్నటి తుంపరగా నీళ్లు చల్లితే గాలి చల్లబడుతుందని, కొట్టుకోవడం ఆగుతుందని చెప్పి, చిన్న ట్యాంకు, పంపు, పిచికారీ మూతి తెచ్చి బిగించాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తెలిసిన ముక్క దాచుకోలేక, "చలిదేశాలల్ల అయితే నీళ్లు గడ్డకట్టకుండ సగం స్పిరిట్ కలుపుతరు దొరా" అన్నాడు.

రావుగారు కుర్చీలో ముందుకు జరిగారు. "సగమా?"

"మనకు అక్కర లేదు దొరా. గీ ఎండలకు నీళ్లు గడ్డకడ్తయా?"

"ఎందుకు కట్టయిరా? పదేండ్లు ఎడారిల ఉన్నోనివి, ఆదిలాబాద్ చలి నీకేమెరుక? చేస్తే పూరా పద్ధతి ప్రకారం చేయాలె."

మే నెలలో, రేకుల మీద కాకి కూడా వాలని ఎండలో, దరఖాస్తు వెళ్లింది. 'ట్యాంకులోని నీరు గడ్డకట్టే ప్రమాదం దృష్ట్యా' అని అందులో రాశారు. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు నెత్తిన తడి తువ్వాలు వేసుకుని వచ్చి, స్థలపరిశీలన జరిపి, ప్రమాదం వాస్తవమేనని ధ్రువీకరించారు. స్పిరిట్ మాత్రం ఆయన దగ్గర లేదు. మహారాష్ట్ర నుంచి దొంగచాటుగా వస్తూ పట్టుబడిన బ్రాందీ ఉంది. విదేశీ ఇంజనుకు నాటు సరుకు ఎలాగూ సరిపడదని రావుగారు పెద్దమనసుతో సర్దుకున్నారు. నెలకు పన్నెండు సీసాలు మంజూరయ్యాయి. పర్మిట్‌లో 'తాగువారి పేరు' ఉన్న చోట బండి నంబరు రాశారు. వయసు మూడేళ్లు. మైనరుకు ఎలా ఇస్తారన్న అభ్యంతరం ఎవరూ లేవనెత్తలేదు.

మొదటి సీసా వచ్చిన రోజున రావుగారు ఆచారం మరవలేదు. పోచమ్మకు సాక పోయకుండా ఈ గడ్డ మీద ఎవరూ తాగరు. కారు మాత్రం ఎందుకు తాగాలి? గద్దె ముందు నాలుగు చుక్కలు నేలకు వదిలారు. అక్కడే ధర్మసంకటం వచ్చి పడింది. తల్లికి చూపిన తర్వాత సీసాలో మిగిలింది ప్రసాదం. ప్రసాదాన్ని ఇనుప గొట్టంలో పోసి పొగచేస్తే పాపం కాదా? సర్పంచ్, బడి పెద్దసారు, మరికొందరు పెద్దలు రావుగారి లోపలి వసారాలో కూర్చుని తర్జనభర్జన పడ్డారు. ప్రసాదం మనుషులకు పంచాలని, కారు వంతు నీళ్లు పెంచాలని తేల్చారు. పన్నెండు సీసాలకు పన్నెండు సాకలు జరిగాయి. నెల తిరిగేసరికి ఊరి మగవాళ్లలో భక్తి చెప్పలేనంత పెరిగింది. నాణ్యత పరీక్షకు వచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా ప్రసాదం కాదనలేకపోయారు. ఇళ్లలో ఆడవాళ్లు వాసన అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "కారు పొగ తగిలింది."

ఐలవ్వ ఇంట్లోనూ వాసన వచ్చింది.

రెండేళ్ల కింద సారా దుకాణం గడపకు అడ్డంగా కూర్చుని, పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి, దాన్ని మూయించింది ఐలవ్వే. దుకాణం మూతపడ్డాకే కైలాసం చేతి వణుకు తగ్గింది. వణుకు తగ్గాకే రావుగారు అతని చేతికి స్టీరింగు ఇచ్చారు. చాయ్ గ్లాసు పట్టుకున్న మొగుడి చేతిని పొద్దున్నే ఒకసారి చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. గ్లాసు కదలకపోతే ఆ రోజుకు ఆమె ప్రాణం కుదుటపడినట్టే. మళ్లీ కదిలితే ఉద్యోగం పోతుంది, మనిషి పోతాడు, మురికి మోరీల పక్కన వెతుక్కుని భుజాన వేసుకు రావలసిన రోజులు తిరిగి వస్తాయి.

"ఏందయ్యా గీ వాసన?"

"కారుది."

"కారు నీ అంగిల పండుకున్నదా?"

"ఆఫీసుకాడికెళ్లి తెస్తుంటే సీస కారింది. నేను ముట్టలే, నీ తోడు."

"నా తోడని మునుపు గూడ గిట్లనే అన్నవు. అప్పుడు కారు గూడ లేకుండె."

కైలాసం అంగీ విప్పి దండెం మీద వేశాడు. దొర వసారాలో జరిగేది బయట చెప్పే డ్రైవరు మర్నాడు డ్రైవరుగా ఉండడు.

ఐలవ్వ నలభైమంది ఆడవాళ్ల చేత వేలిముద్రలు వేయించి అర్జీ పట్టుకుని ఎక్సైజ్ ఆఫీసుకు వెళ్లింది. ఇన్‌స్పెక్టరు ఓపికగా వివరించారు. "చూడమ్మా, నిషేధం మనుషులకు. యంత్రాల తాగుడును చట్టం ఎక్కడా తప్పుపట్టలేదు. పైగా ఇంతవరకు ఆ కారు తాగి ఎవరినీ కొట్టినట్టు మాకు ఫిర్యాదు అందలేదు."

"కారు తాగుతున్నదో, నా మొగడు తాగుతున్నడో గది తేల్చుండ్రి సార్. కారే తాగితే నాకేం ఫికర్ లేదు, పీపా పోసుకోండ్రి."

నలభై వేలిముద్రలు ఉన్న కాగితం పారేయడానికి వీలులేదు. బడి ముందు బహిరంగ విచారణ ఏర్పాటైంది. కారుకు పసుపు, కుంకుమ పెట్టి నిలబెట్టారు. కుర్చీల్లో రావుగారు, ఇన్‌స్పెక్టరు, పెద్దలు. నేల మీద ఊరు. ఇన్‌స్పెక్టరు సంచిలోంచి సారా ఘాటు కొలిచే గాజుగొట్టం తీసి, ట్యాంకులోని నీళ్లు చెంబులో పట్టించి, అందులో వదిలారు. కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చూశారు.

"సున్నా," అన్నారు, పక్కవారికి మాత్రమే వినపడేలా.

"ఏందంటుండు సారు?" అని వెనక నుంచి భూమవ్వ అరిచింది. ఐలవ్వ తర్వాత అర్జీ మీద వేలు వేసినది ఆమే.

లింగమూర్తి అప్పటికే పిచికారీ మూతి విప్పి చేతిలో పట్టుకున్నాడు. పని విషయంలో అతనికి అబద్ధం చేతకాదు. "బ్రాందీ పోస్తే జిగురు పట్టి ఎప్పుడో మూసుకపోతుండె సార్. గిది అద్దం తీరుగున్నది. మూడు నెలల సంది బండి ఉత్త నీళ్ల మీదనే ఉరుకుతున్నది. మంచిగనే ఉరుకుతున్నది."

అంటే ఆ ఊళ్లో మద్యనిషేధాన్ని నియమంగా పాటిస్తున్న మగజీవి కారు.

ఐలవ్వ లెక్క ఒక్కటే. కారు తాగలేదంటే సీసాలు మోసుకొచ్చినవాడే తాగాడు. అయినా వెనక్కి తగ్గలేదు. "అయితే నోర్లు చూడుండ్రి సార్. నా మొగనిది మొదలు పెట్టుండ్రి. తర్వాత వరుసగ అందరియి."

ఆ మాట పూర్తికాకముందే ఊరికి ఎన్నడూ లేని మర్యాద పుట్టుకొచ్చింది. మొదట ఇన్‌స్పెక్టరు దస్తీ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. రావుగారు జరీ కండువా పెట్టుకున్నారు. సర్పంచ్, పెద్దసారు, వరుసగా ఊరి మగవాళ్లందరి తువ్వాళ్లూ లేచాయి. లింగమూర్తి పిచికారీ మూతిని జేబులో వేసుకుని, తనూ దస్తీ తీశాడు. మొగుళ్లను చూసిన ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు, నవ్వు ఆపుకోవడానికో, ఇంటి గుట్టు ఆపుకోవడానికో. నోరు మూసుకోనివాడు కైలాసం ఒక్కడే. నేరుగా పెళ్లాం ముందుకు వచ్చి నిలబడి నోరు తెరిచాడు.

ఐలవ్వ మునివేళ్ల మీద లేచి వాసన చూసింది. పొద్దున తిన్న జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. ఇంకేమీ లేదు.

"ఇగ నమ్మినవా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

చట్టం తన పని తాను చేసుకుపోయింది. ఇన్‌స్పెక్టరు దస్తీ వెనక నుంచే తీర్పు చెప్పారు. "కారుకు మంజూరైన మద్యం కారుకు చేరలేదని రుజువైంది. ట్యాంకు తాళంచెవి డ్రైవరు దగ్గర ఉంటుంది. డ్రైవరు నోట వాసన లేదు. అంటే తాను తాగక, కారును తాగనివ్వక, ప్రభుత్వ ఉత్తర్వును బుద్ధిపూర్వకంగా నీరుగార్చాడు. ఇటువంటివాడు ఉద్యోగంలో ఉండతగడు. మూడు నెలలు ఎండిన కారు కోలుకోవడానికి కోటా రెట్టింపు చేయాలని సిఫారసు చేస్తున్నాను."

"సార్, తాగనోనికి శిక్షనా?" అంది ఐలవ్వ.

"తాగితే మందలించి వదిలేసేవాళ్లం తల్లీ," అన్నారు ఇన్‌స్పెక్టరు, నిజంగానే జాలితో.

రావుగారు లేచారు. కండువాలోంచి వచ్చినా ఉపన్యాసం స్పష్టంగానే ఉంది. "ఇయ్యాల మన ఊరు జిల్లాకే ఆదర్శం. సర్కారు పంపిన గాజుగొట్టం అందరి ముందట సున్నా చూపెట్టింది. ఇంతకన్న సంపూర్ణ మద్యనిషేధం ఏ ఊళ్లె ఉన్నది? గిసుంటి ఊళ్లె ఒక్కడు నమ్మకం చెడగొట్టిండు. వాణ్ని మనం మాఫ్ చేసినం, కొలువు తీసేసినం." ఇన్‌స్పెక్టరు ఆ ఊరిని సంపూర్ణ నిషేధ గ్రామంగా అక్కడికక్కడే ప్రకటించి, చప్పట్లు కొట్టమని సైగ చేశారు.

కొట్టాలంటే నోటి మీంచి చెయ్యి తీయాలి. అందుకని ఊరంతా తలలు ఊపి ఆమోదించింది. ఆ సభలో చేతులు రెండూ ఖాళీగా ఉన్నవాళ్లు ఇద్దరే. వాళ్లు అప్పటికే కాలినడకన ఇంటిదారి పట్టారు.