దొరకని కూలర్

తాండూరు కందుల గోదాములో ఏడాది పొడవునా సగటు వేడి ఎంతుందో లెక్కగట్టి పంపేసి, చెల్లెలు సహస్రతో అనంతగిరి ఎక్కాలని నిరోషా ఆ ఎండాకాలపు ఉదయం వికారాబాదు ఆఫీసుకు పెందలాడే వచ్చింది. గోదాములోని వేడి కొలిచే యంత్రాలు క్షణక్షణం పంపిన అంకెలు కోట్లలో ఉన్నాయి. కంప్యూటరు పద్దెనిమిది డిగ్రీలంది. రేకుల కప్పు కింద అంత చల్లదనం ఎక్కడిదని ఆలోచించకుండానే పంపేసింది.

కాసేపటికే మేనేజరు మహిధర్ హడావుడిగా వచ్చాడు. "నడువమ్మా, తాండూరుల పంచాయితీ అయితున్నది!"

ఆ అంకె చూడగానే గోదాము యజమాని సుధాకర్‌కు కాపలాదారు ఈరయ్య మీద అనుమానం పుట్టింది. వీడు గోదాము కరెంటుతో దొంగచాటుగా కూలర్ నడుపుతున్నాడనుకున్నాడు. బస్తాలు జరిపించాడు, లేదు. ఈరయ్య గది వెతికించాడు, అక్కడా లేదు. దాంతో అనుమానం పోలేదు సరికదా, గట్టిపడింది. కూలర్ అమ్ముకున్నాడు!

రైల్లో నిరోషా ల్యాప్‌టాప్ తెరిచింది. పని త్వరగా తెమలాలని ఒక్కో అంకెకు కంప్యూటరులో తాను తక్కువ చోటిచ్చింది. దాంతో కూడిన మొత్తం వంద కోట్లు దాటాక, ముప్పై ఆరులాంటి చిన్న అంకె కలిపినా కంప్యూటరుకు ఆనలేదు. కూడిక అక్కడే ఆగింది, భాగహారం మాత్రం అన్నిటినీ లెక్కబెట్టింది. చిన్న చిన్న కట్టలుగా కూడి చూస్తే సగటు ముప్పై ఆరు.

"యంత్రం ఖరాబైందని చెప్దాం," అన్నాడు మహిధర్ మెల్లగా.

గోదాము ముందు ఈరయ్య బట్టలు, గిన్నెలు ఎండలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి మధ్య ఆయన చెమటలో తడిసి కూర్చున్నాడు. నిరోషా నేరుగా సుధాకర్ దగ్గరికి నడిచింది.

"యంత్రం మంచిగనే ఉంది సార్. తప్పు లెక్క కట్టింది నేను. కూలర్ ఎన్నడూ లేకుండె."

సుధాకర్ తేలిగ్గా నవ్వేశాడు. "గంతేనా! ఈరయ్యా, ఏమనుకోకు. సామాను లోపల పెట్టుకో."

ఈరయ్య సామాను మూట గట్టాడు గానీ లోపలికి నడవలేదు. "లేనిదాన్ని అమ్ముకున్ననన్నరు పటేలా. కంప్యూటర్ మాట నమ్మిన్రు, నా మాట నమ్మలె. పరిగిల మా బిడ్డ జంగమ్మ ఇంటికి పోత." నిరోషా వైపు తిరిగాడు. "నువ్వన్నా తప్పు ఒప్పుకున్నవు. సల్లగుండు బిడ్డా."

తాళాలు సుధాకర్ చేతిలో పెట్టి బస్టాండు దారి పట్టాడు.

కొత్త మనిషి దొరికేదాకా ఆ రేకుల కింద కాపలా సుధాకరే కాశాడు. వేడి ఎంతుందో ఆయన ఏ కంప్యూటరునూ అడగలేదు.