పేరు చదవని ఆదివారం

గురువారం ఉదయం విన్నిఫ్రెడ్ స్టాడర్డ్ పెట్టుకున్న పని చిన్నది. చర్చి ఆఫీసుకు వెళ్లి, ఆదివారం ఆరాధనలో చదివే రోగుల జాబితాను కాస్త కత్తిరించి, పదకొండింటికల్లా ఇల్లు చేరి బిషప్ గారి విందుకు వేయవలసిన టేబుల్ గుడ్డలు ఇస్త్రీ చేసుకోవాలి. గుడ్డల పనే కష్టమని ఆమె అనుకుంది.

వెర్మాంట్ కొండల్లోని డన్‌బరోలో, సెయింట్ బార్నబస్ ఎపిస్కోపల్ చర్చికి ఆమె పదిహేడేళ్లుగా వార్డెన్, అంటే సంఘానికి పెద్దదిక్కు. ఫాదర్ లండ్ వారానికి మూడు రోజులు వచ్చే గురువు. మిగిలిన నాలుగు రోజులూ చర్చి విన్నిఫ్రెడ్‌దే. ఆ మూడు రోజులు కూడా ఆమెదేనన్న సంగతి ఫాదర్ లండ్ వచ్చిన మొదటి నెలలోనే గ్రహించి, సుఖపడ్డాడు. బలిపీఠం గుడ్డలుండే బీరువా తాళంచెవి ఆమె మెడలో శిలువ పక్కనే వేలాడుతుంది. శిలువ కంటే తాళంచెవి కొంచెం పెద్దది.

ఆ తాళంచెవికే ఇప్పుడు ముప్పు వచ్చింది. డన్‌బరోలో ఒక చర్చి, పదకొండు మైళ్ల అవతల హార్ట్‌వెల్‌లో ఇంకొకటి. రెండింటినీ నడపడం ఇక కుదరదని, ఈ ఆదివారం కాక పై ఆదివారం తానే వచ్చి చూసి ఏది ఉంచాలో తేలుస్తానని బిషప్ గారు ఉత్తరం రాశారు. హార్ట్‌వెల్ వాళ్లు ఆరాధనలో గిటార్లు వాయిస్తారు. చెమట చొక్కాలతోనే రొట్టె, ద్రాక్షారసం సంస్కారం తీసుకుంటారు. అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లి కొత్త సభ్యురాలిలా వెనక నిలబడడమా? విన్నిఫ్రెడ్ ఆ ఊహనే లోపలికి రానివ్వలేదు.

బిషప్ గారి కంటికి చర్చి ఆరోగ్యంగా కనబడాలి. చిక్కల్లా అక్కడే. సెయింట్ బార్నబస్‌లో ఆదివారం కూర్చునేవాళ్లు ముప్పై ఎనిమిది మంది. రోగుల జాబితాలో ఉన్నవాళ్లు అరవై మూడు మంది.

ఆ జాబితాలో పేరు చేర్చడం చాలా తేలిక. ఆరాధన అయ్యాక కాఫీ తాగుతూ ఎవరి చెవిలోనైనా ఊదితే చాలు. తీయడమే ఎవరికీ చేతకాదు. తీయాలంటే ఆ మనిషికి ఎలా ఉందని అడగాలి, అడగడం మర్యాద కాదు. ఆ చర్చిలో అడగకపోవడాన్ని సంస్కారమంటారు, ఊహించుకోవడాన్ని సానుభూతి అంటారు. అందుకని ఒకసారి ఎక్కిన పేరు చచ్చేదాకా దిగదు. చచ్చాక కూడా వెంటనే మృతుల జాబితాలోకి పోదు. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని తొందరపెట్టకూడదని ఒక ఆదివారం ఆ పేరు ఎక్కడా చదవరు. ఆ మరుసటి ఆదివారం మృతుల్లో చదువుతారు. మధ్యలో వచ్చే ఆ మౌనపు ఆదివారం అర్థమేమిటో సంఘంలో అందరికీ తెలుసు. రోగుల జాబితా పట్టుకున్న విన్నిఫ్రెడ్‌కు మాత్రం ఆ ఉదయం గుర్తు రాలేదు. ఆమె బుర్రనిండా టేబుల్ గుడ్డలున్నాయి.

"ముందు వాళ్లకోసారి ఫోన్ చేసి కనుక్కుంటే బావుంటుందేమో విన్నిఫ్రెడ్ గారూ," అన్నాడు ఫాదర్ లండ్ గుమ్మం దగ్గర నిలబడి. తన ఆఫీసు గుమ్మమే అది.

"ఫోన్ చేసి ఏమని అడగమంటారు ఫాదర్? ఇంకా ఉన్నారా, పోయారా అనా?"

"అంత మోటుగా కాదులెండి..."

"ఇదిగో చూడండి, రోస్కో టటిల్. తుంటి ఆపరేషనై మూడేళ్లయింది. మొన్న నిచ్చెనెక్కి చూరు కాలవలో ఆకులు తోడేస్తున్నాడు. నా కళ్లతో నేను చూశాను. ఈయనగారి కోసం ఇంకా ప్రార్థన చేస్తే దేవుడికే చిరాకేస్తుంది."

ఆమె ఎర్ర పెన్సిలుతో ఇరవైతొమ్మిది పేర్లు కొట్టేసింది. చాలావరకు ఎవరెవరి మేనత్తలో, ఫ్లోరిడాలో ఉండే బావమరుదులో, ముఖం తెలియని మనుషులు. ఊరందరూ ఎరిగినవాడు రోస్కో ఒక్కడే. స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి ఇరవై ఏళ్లు నాయకుడుగా చేసినవాడు.

ఆదివారం ఫాదర్ లండ్ జాబితా చదివాడు. సంఘంలో పాత సభ్యురాలు డాట్ ఫెరిస్ కళ్లు మూసుకుని వింటోంది. మిగతావాళ్లు మూసుకునేది ప్రార్థనకు, డాట్ మూసుకునేది లెక్క తప్పకుండా ఉండడానికి. రాల్ఫ్ తర్వాత రోస్కో రావాలి. రూత్ వచ్చింది. డాట్ కళ్లు తెరిచి టటిల్ దంపతుల బెంచీ వైపు చూసింది. బెంచీ ఖాళీ. రోస్కో, భార్య మేవిస్ కలిసి మెయిన్ రాష్ట్రంలో ఉన్న ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లారు. ఆ సంగతి డాట్‌కు తెలియదు. కనుక్కోవడానికి ఆమె ప్రయత్నించనూ లేదు. చనిపోయిన మనిషి గురించి వాకబు చేయడమంత అసభ్యం ఇంకొకటి ఉంటుందా?

ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర ఆమె విన్నిఫ్రెడ్ చెయ్యి పట్టుకుంది.

"పాపం, ఒక్కదానివే ఎలా చేశావు విన్నీ? అన్ని పేర్లు!"

"ఎవరో ఒకరు చెయ్యాలిగా డాట్. నిజానికి ఎప్పుడో అయిపోవాల్సింది."

"రోస్కో కూడా..."

"రోస్కో అయితే మరీను. మూడేళ్లు లాగాడు." విన్నిఫ్రెడ్ బిస్కెట్టు అందుకుంది. "బిషప్ గారొచ్చేలోగా ఇంకో పదిమందిని కూడా చూడాలనుకుంటున్నా."

డాట్ కాఫీ కప్పు కింద పెట్టేసింది. "ఇంకో పదిమందా!"

"కుదిరితే పన్నెండు."

డాట్ అంతకుమించి అడగలేదు. విన్నీ గుండె రాయని, చర్చి కోసం దుఃఖాన్ని ఎలా దిగమింగుతోందో చూడమని, పార్కింగ్ స్థలం దాటేలోపు ఏడుగురికి చెప్పింది. బిషప్ గారు ఈ మారుమూల ఊరికి ఎందుకు వస్తున్నారో కూడా అప్పుడే తేలిపోయింది. రోస్కో పేరు మృతుల్లో చదివేది వచ్చే ఆదివారమే కదా. బిషప్ చేతుల మీదుగా జరగబోతోందన్నమాట. అంత గొప్పవాడని బతికుండగా తెలుసుకోలేకపోయామే అని ఇద్దరు ముగ్గురు కళ్లొత్తుకున్నారు. వాళ్లలో ఒకాయన రోస్కో దగ్గర అరువు తెచ్చుకున్న రంపం నాలుగేళ్లుగా తిరిగివ్వని మనిషి. ఆయన కళ్లే ఎక్కువ తడిశాయి.

బుధవారం సాయంత్రం టటిల్ దంపతులు ఇల్లు చేరేసరికి వరండాలో, కష్టంలో ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు వండి పంపే క్యాసరోల్ గిన్నెలు పద్నాలుగు ఉన్నాయి. చేపలవి ఆరు, నూడుల్స్‌వి ఐదు, మిగతా మూడు ఏమిటో చేసినవాళ్లకే తెలియాలి. ప్రతి గిన్నె అడుగునా టేపు మీద యజమానురాలి పేరు. సానుభూతి ఎంత ఉన్నా గిన్నె వెనక్కి రావాలి కదా.

"ఏమిటే మేవిస్ ఇదంతా? మన పెళ్లిరోజా?"

"మన పెళ్లి మార్చిలోనయ్యా. నలభై మూడేళ్లలో ఒక్కసారైనా గుర్తుందా నీకు?"

గిన్నెలతోపాటు కార్డులున్నాయి. 'ఈ కష్టకాలంలో మా మనసులు నీతోనే ఉన్నాయి మేవిస్,' అని అన్నిటిలోనూ ఒకటే మాట, ఏ కష్టమో ఒక్కదానిలోనూ లేదు. మేవిస్ కార్డులన్నీ మళ్లీ మొదటినుంచి చదివింది. వారం కిందటే రోస్కో రక్తపరీక్ష చేయించుకున్నాడు. రిపోర్టు వచ్చే సోమవారం ఇస్తామన్నారు. ఆ క్లినిక్‌లో నర్సు డాట్ ఫెరిస్ మేనకోడలు. ఇంక చెప్పేదేముంది? తనకంటే ముందు చర్చికి తెలిసిపోయింది. డాట్‌కు ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. కానీ మేవిస్ కూడా సెయింట్ బార్నబస్‌లో పెరిగిన మనిషే. ఆమె కార్డులను డ్రాయర్‌లో దాచి, మొగుడిని మంచం ఎక్కించి, నిచ్చెనను గరాజ్‌లో పెట్టి తాళం వేసింది.

రెండు రోజులపాటు రోస్కోకు పులుసు నీళ్లు తప్ప ఏమీ దొరకలేదు. మేవిస్ ఇంట్లో లేనప్పుడు దుప్పటి చుట్టుకుని వెళ్లి చేపల క్యాసరోల్ తిన్నాడు. ఆమె తనను చూసినప్పుడల్లా ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంటోంది. ఆయన ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు: జబ్బు మేవిస్‌కే. చెప్పకుండా దాచుతోంది. పరాయివాళ్లకు తెలిసి తనకు తెలియలేదు. శుక్రవారం ఆమె స్నానానికి వెళ్లగానే విన్నిఫ్రెడ్‌కు ఫోన్ చేశాడు.

"విన్నీ, మా మేవిస్ పేరు జాబితాలో రాయవా?"

"ఏమైంది తనకి?" అని ఇంకెవరైనా అడిగి ఉండేవారు. విన్నిఫ్రెడ్ అడగలేదు.

"ఈ వారం కుదరదు రోస్కో. బిషప్ గారొచ్చి వెళ్లేదాకా కొత్తవాళ్లని తీసుకోవడం లేదు."

"అదేమిటి, రోగులకి కూడా లైనా?"

"సోమవారం గుర్తు చెయ్యి. మొదటి పేరు తనదే పెడతాను."

రోస్కో రిసీవర్ పెట్టేసి ఏడ్చాడు. మేవిస్ తలుపు సందులోంచి చూసి, తన జబ్బు సంగతి ఆయనకు తెలిసిపోయిందన్నమాట అనుకుని, ఆవిడా ఏడ్చింది.

శనివారం చర్చికి పువ్వులు బండ్ల మీద వచ్చాయి. తెల్ల లిల్లీలు, తెల్ల చామంతులు. బిషప్ గారి కోసం ఊరు ఇంతగా ముచ్చటపడుతోందని విన్నిఫ్రెడ్ మురిసిపోయి, అన్నీ తెల్లవే ఎందుకని మాత్రం అనుకుంది. "హుందాగా ఉంది," అన్నాడు ఫాదర్ లండ్. ఆయన అన్నిటికీ అదే మాట అంటాడు.

ఆదివారం ఉదయం కార్లు పశువుల దాణా కొట్టు దాకా నిలిచాయి. అగ్నిమాపక దళం మూడు ఊళ్ల నుంచి యూనిఫాముల్లో వచ్చింది. చర్చి గడప ఏనాడూ తొక్కని వాళ్లు, ఈస్టర్‌కు కూడా బద్ధకించేవాళ్లు, మడత నలగని కోట్లు తొడుక్కుని వచ్చి గోడల వెంబడి నిలబడ్డారు. విన్నిఫ్రెడ్ ద్వారం దగ్గర నిలబడి లెక్కపెట్టింది. రెండు వందల పది. పక్కన బిషప్ ఇంగల్స్ గారు, అరవై దాటిన పొడగరి ఆవిడ, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ప్రతి వారం ఇంతమందేనా?"

"ఒక్కోసారి కాస్త తగ్గుతారండీ," అంది విన్నిఫ్రెడ్. ఆమె జీవితంలో అబద్ధం ఆడలేదు, అవసరమైనంత మటుకు తప్ప.

మొదటి కీర్తన రెండో చరణంలో ఉండగా, ఎప్పటిలాగే ఐదు నిమిషాలు ఆలస్యంగా, టటిల్ దంపతులు వచ్చారు. రోగిష్టి మనిషిని నడిపిస్తున్నట్టు మేవిస్ రోస్కో మోచెయ్యి పట్టుకుంది. సరిగ్గా అలాగే రోస్కో మేవిస్ నడుం పట్టుకున్నాడు. కీర్తన ఒక్కొక్క బెంచీ దగ్గరే ఆగిపోతూ వచ్చి, చివరికి ఆర్గన్ ఒక్కటే మిగిలింది. అరవడం మర్యాద కాదు గనక డాట్ ఫెరిస్ కూర్చుంది. ఆవిడ వెనక బెంచీ లేదు. నేల మీదే కూర్చుంది.

అప్పుడైనా ఎవరో ఒకరు "నువ్వు పోయావనుకున్నాం రోస్కో" అనవచ్చు. రెండు వందల పది మందిలో ఒక్కరు అనలేదు. దళం కెప్టెన్, వితంతువుకు ఇవ్వడానికి త్రికోణంగా మడిచి తెచ్చిన జెండాను మెల్లగా కోటులోకి తోసేశాడు.

"ఎవరు పోయారోయ్?" అని గుసగుసగా అడిగాడు రోస్కో. "మనాళ్లంతా వచ్చారు?"

"ఎవరూ లేరు," అన్నాడు కెప్టెన్ ఎదర శిలువను చూస్తూ. "ఊరికే. బిషప్ గారిని చూద్దామని."

"ఇంతమందా?"

"ఆవిడంటే మాకు చాలా అభిమానం."

ఫాదర్ లండ్ ముప్పై నాలుగు పేర్లూ చదివాడు. మృతుల దగ్గరికి వచ్చి, ఈ వారం ఎవరూ లేరన్నాడు. రెండు వందల పది మంది కాస్త నిరాశగానే "ఆమెన్" అన్నారు. వెళ్లిపోదామంటే అనుమానం వస్తుంది గనక అందరూ చివరిదాకా ఉండి, సంస్కారం తీసుకుని, కాఫీ కూడా తాగారు. రంపం ఆయన మాత్రం పక్క తలుపు గుండా ముందే వెళ్లిపోయాడు.

కాఫీ దగ్గర బిషప్ గారు విన్నిఫ్రెడ్ రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లు చెమర్చి ఉన్నాయి.

"దాపరికం ఎందుకమ్మా, ఈ చర్చిని మూసేద్దామనే అనుకుని బయల్దేరాను. ముప్పై ఎనిమిది మందని కాగితాల్లో ఉంది. ఆ కాగితాలు ఎవరు రాశారో గానీ! మీ చర్చి ఎక్కడికీ పోదు."

విన్నిఫ్రెడ్ మెడలోని తాళంచెవి మీద చెయ్యి వేసుకుంది. పదిహేడేళ్ల సేవకు ఫలితం దక్కింది.

"హార్ట్‌వెల్‌దే మూసేస్తాను," అన్నారు బిషప్ గారు. "అక్కడివాళ్లు అరవై నలుగురూ వచ్చే వారం నుంచి మీ దగ్గరికే వస్తారు, గిటార్లతో సహా. ఇంత పెద్ద సంఘంలో అరవై మంది ఓ లెక్కా, ఇట్టే కలిసిపోతారు. జనవరిలో వార్డెన్ ఎన్నిక ఉందిగా, అందరూ కలిసి ఓటేసుకోండి."

అరవై నాలుగు. ముప్పై ఎనిమిది. విన్నిఫ్రెడ్ తీసివేత చేసుకుంది. ఇప్పుడు నోరు తెరిచి నిజం చెప్పవచ్చు: వీళ్లెవరూ మావాళ్లు కారు, మా ఆదివారాలు ఇలా ఉండవు, మీ కాగితాలే నిజం అని. చెబితే చర్చి పోతుంది. చెప్పకపోతే జనవరి ఓట్లలో తాళంచెవి పోతుంది. ఆమె ఫాదర్ లండ్ వైపు చూసింది. ఆయన కేకు చూస్తున్నాడు.

"చాలా సంతోషమండీ," అంది విన్నిఫ్రెడ్.

ఆ తర్వాతి ఆదివారం పదింటి ఆరాధనకు హార్ట్‌వెల్ వాళ్లు తొమ్మిదిన్నరకే వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. ఎపిస్కోపల్ చర్చిలో ముందు వరస బెంచీలు మనుషులు కూర్చోవడానికే వేశారన్న సంగతి సెయింట్ బార్నబస్‌కు ఆ రోజే తెలిసింది.