ఒక జిగురు ముద్ద, మూడు జాతులు

ఒకే ఏడాదిలో మూడు కొత్త జాతులను కనిపెట్టి మన సముద్రజీవుల విభాగం శాస్త్రలోకాన్ని నివ్వెరపరిచిన సంగతి పాఠకులకు విదితమే. ఆ మూడింటినీ ఒకే పడవ అడుగు నుంచి, ఒకే ముద్దగా గీకి తెచ్చిన పరిశోధక విద్యార్థిని ఏమనుకుందో మాత్రం ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు.

అది చిమ్ముడుజీవుల ముద్ద. నొక్కితే నీళ్లు చిమ్మడం తప్ప మరో విద్య ఎరగని ప్రాణులవి. వందలాదిగా ఒకే జిగురు దుప్పటి కప్పుకుని ఉమ్మడి కాపురం చేస్తాయి. ఎవరి నోరు వారిదే అయినా, తాగిన నీళ్లు వదిలే దారి గుంపంతటికీ ఒకటే. ఆ దారి గురించి వాటాల తగాదా వచ్చినట్టు ఇంతవరకు దాఖలాలు లేవు.

ముద్ద తొట్టెలో పట్టక ఆమె దాన్ని రెండుగా కోసింది. ఒక సగం మేడమీద, కిటికీ పక్కన పెట్టింది. రెండో సగాన్ని కింద, వెలుతురు సోకని గదిలో ఉంచింది. కొన్నాళ్లకు పైది ఊదారంగు తేలింది, కిందిది పాలిపోయి పసుపుపచ్చనైంది.

మేడమీది గది విభాగాధిపతిగారిది. కింది గది ఆయన బావమరిదిది. ఇద్దరూ ఆమెకు గైడ్లే. మైక్రోస్కోపు ఎవరి గదిలో ఉండాలన్న మహత్తర శాస్త్రీయ సమస్యపై ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. అధిపతిగారి భార్యే, అంటే బావమరిదికి అక్కే, అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోస్తూ వస్తోంది.

అధిపతిగారు తన సగాన్ని కొత్త జాతిగా ప్రకటించి తండ్రి పేరు పెట్టారు. వారం తిరక్కుండా బావమరిది తన సగాన్నీ కొత్త జాతి చేసి తన తండ్రి పేరు పెట్టాడు. అది అధిపతిగారికి పిల్లనిచ్చిన మామగారి పేరు కావడంతో ఆయన బహిరంగంగా ఖండించలేక లోలోపలే ఉడికిపోయారు.

"రెండూ ఒకటేనండి. నేనే కోశాను," అంది ఆమె, మేడెక్కి.

"కోసింది నువ్వే కావచ్చమ్మాయ్. చూసింది నేను," అన్నారాయన.

కిందికి దిగి అదే మాట చెబితే బావమరిది ముఖం కందగడ్డైంది. "మా బావ చూసిందీ నేను చూసిందీ ఒకటేనా? ఇంతకంటే నన్ను చెప్పుతో కొట్టు!"

సిద్ధాంతగ్రంథం అక్కడే ఆగిపోయింది. తోటివాళ్లు అప్పటికే ఉద్యోగాల్లో చేరి పిల్లల్ని బడికి పంపుతున్నారు. ఆమె మాత్రం తొట్టెల్లో నీళ్లు మారుస్తోంది. చివరికి ప్రాణం విసిగి, రెండు సగాల నుంచీ చెరో ముక్క తీసి ఒకే గాజుపలకపై పక్కపక్కన పెట్టింది. ఈ జీవులకు ఒక నియమం ఉంది. తగిలింది తమవాడైతే కలిసిపోతాయి, పరాయివాడైతే అంచు నల్లబడి వెనక్కి తగ్గుతాయి. ముక్కలు రెండూ చక్కగా అతుక్కుపోయాయి. నడుమ గీత కూడా మిగల్లేదు.

ఆమె ఇద్దరినీ పిలిచింది. ఇద్దరూ వచ్చి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పలక వంక చూశారు. తన కష్టాలు గట్టెక్కాయనే ఆమె అనుకుంది.

అధిపతిగారు గొంతు సవరించుకున్నారు. "ఇది సామాన్య ఘటన కాదు! రెండు భిన్న జాతులు విభేదాలు మరిచి ఏకమై, మన కళ్లెదుటే మూడో జాతిగా అవతరించాయి!"

"నేనూ అదే అనబోతున్నా, బావా," అన్నాడు బావమరిది గద్గదంగా.

ఇద్దరూ కావిలించుకుని కంటతడి పెట్టుకున్నారు. మూడో జాతికి అక్కగారి పేరు పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆవిడ వచ్చి పలకను చూసి, "ఇన్నేళ్ల చాకిరీకి ఈ జిగురేనా?" అని మాత్రం అంది.

విద్యార్థిని నోరు తెరిచింది. తెరిచిన నోటిలో ఒక్క వాక్యం సిద్ధంగా ఉంది. మళ్లీ మూసుకుంది. నెల తిరిగేసరికి గ్రంథం పూర్తయింది.

మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి అడిగాడు: "మొత్తం ఎన్ని జాతులు?"

"మూడండి," అంది స్పష్టంగా. హాలు చప్పట్లతో మారుమోగింది.

బయటికొచ్చాక వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "ఇన్నాళ్లూ ఒకటే ఒకటే అని ఏడ్చావు కదే?"

"అది డాక్టర్ని కాకముందమ్మా."

తల్లి తలాడించింది. "నాకూ అనుమానం వచ్చిందిలే. కానీ అందరూ చప్పట్లు కొడుతున్నారు కదా అని నేనూ కొట్టాను."