రెస్టు ఎక్కువున్న లేజరే మేలు

గ్యాస్ పొయ్యి వచ్చినప్పుడు ఆడవాళ్ళ కష్టాలు తీరిపోయాయన్నారు. మిక్సీ వచ్చినప్పుడూ అదే అన్నారు. గ్రైండరు, కుక్కరు, ఫ్రిజ్జు... ఒక్కొక్కటి మా గుమ్మంలో దిగినప్పుడల్లా "ఇంక నీకేం పని?" అన్నారు. అబద్ధం! శుద్ధ అబద్ధం! అవన్నీ మమ్మల్ని వంటింట్లోనే ఉంచి, ఇంకాస్త తొందరగా పని చేయించుకున్న మిషన్లు. ఆడదాన్ని చెయ్యి పట్టుకుని వంటింట్లోంచి బయటికి నడిపించిన మిషను ఈ భూప్రపంచంలో ఒక్కటే ఉంది. అదే లేజరు!

నవ్వకండి. మొహం కాల్చుకుని మరీ చెబుతున్నాను.

ఈ మధ్య మన బెజవాడలో సందుకో స్కిన్ క్లినిక్ వెలిసింది. ఎంసెట్ ర్యాంకుల హోర్డింగుల మధ్య ఖాళీ దొరికిన చోటల్లా సగం నల్లగా, సగం తెల్లగా ఉన్న ఆడమొహం ఒకటి వేలాడుతోంది. "ఇన్ని రకాలున్నాయి, ఏది చేయించుకోవాలో తెలియడం లేదు, మేం కొత్తవాళ్ళం" అని దిగులుపడే చెల్లెళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. డాక్టర్లు రాసే సలహాలు చదివి మోసపోకండి. వాళ్ళకి చర్మం గురించి తెలిసినంతగా సంసారం గురించి తెలియదు.

ముందు నా సంసారం సంగతి చెప్పాలి. మా ఆయన గంగరాజు గారు చేపల కమిషన్ వ్యాపారి. కొల్లేరు చేపా, బందరు చేపా ఆయన చూడనిది ఊళ్ళోకి రాదు. మనిషి మంచివాడే. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నది ఒక్కటే నియమం. వేపుడు ముక్క పెనం మీంచి నేరుగా కంచంలోకి రావాలి. మధ్యలో గిన్నెలో పడితే రుచి చచ్చిపోతుందట! అంచేత ఆయన తింటున్నంతసేపూ నేను పొయ్యి దగ్గర నిలబడే ఉండాలి. ఆయన లేచాక చల్లారిన అన్నం నేను తింటాను. దాని రుచి సంగతి ఎవరూ అడగరు.

మే నెలలోనూ ఇదే వరస. బెజవాడ ఎండల గురించి మీకు వేరే చెప్పాలా? రోడ్డు మీద తారు కరుగుతుంటే, గుణదలలో మా వంటింట్లో నేను కరుగుతుంటాను. అలా కరిగీ కరిగీ బుగ్గల మీద నల్లటి మచ్చలు పడ్డాయి, గడ్డం కింద చర్మం జారింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. చూసుకోవడానికి తీరికేదీ?

పోయినేడు గన్నవరంలో మా మేనల్లుడి పెళ్ళయింది. ఆ వీడియో సీడీ తెచ్చి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. ఉన్నట్టుండి తెరనిండా నా మొహం!

"అదేంటి తులసీ, మొహం మాడిపోయిన పెనంలా తయారైందేంటి?" అన్నారు మా ఆయన.

అందరూ నవ్వారు. మా అత్తగారు బుల్లెమ్మ గారు "పెనం ముందు నిలబెట్టింది నువ్వేగా రా" అంటారేమో అని ఆశగా చూశాను. "పసుపు రాసుకోవడం మానేసింది, అందుకే" అన్నారు. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

తెల్లారాక ఆయనకే జాలేసిందో, నలుగురిలో పరువనిపించిందో, తనే వెంటబెట్టుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఏసీ! మెత్తటి సోఫా! రెండు గంటలు కూర్చున్నా "మంచినీళ్ళు" అని ఒక్కరూ కేక వెయ్యలేదు. ట్రీట్‌మెంటు మాట దేవుడెరుగు, నా వరకు సగం రోగం అక్కడే కుదిరింది.

పద్మశ్రీ అనే కౌన్సెలర్ పిల్ల వచ్చింది. మొహం మీద ఒక్క గీత లేదు, గీతలు పడేంత వయసూ లేదు. టిఫిన్ హోటల్లో ఇచ్చినట్టు కార్డొకటి చేతికిచ్చి ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది.

"ఇది రేడియో ఫ్రీక్వెన్సీ మేడమ్. చర్మాన్ని లోపల్నుంచి వేడి చేసి బిగిస్తుంది."

"ఇరవై రెండేళ్ళుగా బయట్నుంచి వేడి చేస్తున్నానమ్మా, ఏమీ బిగియలేదు" అన్నాను.

పాపం ఆ పిల్ల నవ్వాలో మానాలో తెలియక రెండో దానికి వెళ్ళింది. అది పీలింగట. ఉల్లిపొరలా పైచర్మం ఊడొస్తుందట. మూడోది వెలుతురు కొట్టే మిషను. అన్నీ చెప్పాక మళ్ళీ మొదటిదానికొచ్చి, మా ఆయన వైపు తిరిగి, "ఇదైతే జీరో డౌన్‌టైమ్ సార్! రెస్టే అక్కర్లేదు. మేడమ్ అటునుంచి అటే ఇంటికెళ్ళి వంట చేసుకోవచ్చు!" అంది.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "అదే చేసెయ్యండి" అన్నారు.

చెల్లెళ్ళారా, ఇక్కడ జాగ్రత్త! నూటికి తొంభై మంది కొత్తవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. నేను పడలేదు. కార్డు అడుగున ఉన్న దాని మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అన్నాను.

"ఫ్రాక్షనల్ లేజర్ మేడమ్. దానికి డౌన్‌టైమ్ ఎక్కువ. మొహం ఎర్రగా కందిపోతుంది, పొట్టు రాలుతుంది. వారం రోజులు ఎండలోకి వెళ్ళకూడదు. పొయ్యి సెగ కూడా అస్సలు తగలకూడదు."

"ఏ సెగ?"

"పొయ్యి సెగ మేడమ్."

"ఇంకోసారి చెప్పమ్మా."

చెప్పింది. పెళ్ళినాటి మంత్రాలు కూడా నా చెవికి అంత ఇంపుగా లేవు. నాకదే కావాలన్నాను. మా ఆయన గునిశారు. డాక్టరు గారు లోపలికి పిలిచి, నా బుగ్గ నొక్కి చూసి, "ఇవి ఎండ మచ్చలే కాదండీ, పొయ్యి వేడి కూడా ఉంది. ఈ వారం ఆవిడ వంటింట్లోకి వెళ్తే మచ్చలు ఇంకా ముదురుతాయి. బాధ్యత మీదే" అని ఆయనతోనే అన్నారు. మా ఆయన బుద్ధిగా తలూపారు. పొయ్యి దగ్గర వేడిగా ఉందని నేనంటే సణుగుడు. డాక్టరంటే సైన్సు!

కాబట్టి నా సలహా రాసుకోండి. మిషను ఏ దేశానిదని అడక్కండి. ఎంత తెల్లబడతామని అడక్కండి. ఎన్నాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదో అదొక్కటే అడగండి. "రేపట్నుంచే వెళ్ళొచ్చు" అన్నారో, చెప్పులేసుకుని వచ్చెయ్యండి. అది ట్రీట్‌మెంటు కాదు, దగా!

నొప్పి ఉండదా అంటారా? ఎందుకుండదు! ఎంత మత్తు క్రీము రాసినా, పొలుసు తీసేటప్పుడు చేపకెలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అయినా పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. వారం రోజుల సెలవు ఊరికే వస్తుందా?

ఇంటికొచ్చేసరికి మొహం దానిమ్మపండు. వీధి వీధంతా చూసి, అమ్మవారు పోసిందని తీర్మానించేసింది. కోడలు అందం కోసం లేజరు చేయించుకుందని చెప్పుకోవడం మా అత్తగారికి నామోషీ. అలాగని అమ్మవారి పేరున అబద్ధమాడటానికీ భయమే. అంచేత ఆవిడ అవునన్లేదు, కాదన్లేదు. గుమ్మానికి రెండు వేపరెమ్మలు కట్టి ఊరుకున్నారు. పక్కింటి అమలమ్మ గారు గుణదల కొండెక్కి మేరీమాతకి నా పేరున కొవ్వొత్తి వెలిగించి వచ్చారు. ఇన్నేళ్ళలో నా మొహం గురించి ఇంతమంది కంగారుపడటం అదే మొదలు. ఇది మాత్రం వరం కాదా?

అయితే ఓ చిక్కొచ్చింది. అమ్మవారు పోసిన ఇంట్లో నీచు వండకూడదు, తాలింపు చప్పుడే వినపడకూడదు. చేపల వ్యాపారి ఇంట్లో! మా ఆయన మొదటి రోజు హోటల్ భోజనం తిన్నారు. రెండో రోజూ తిన్నారు. మూడో రోజు సంచిలో కొరమీను దాచుకుని తెచ్చారు. వాసన వీధిలోకి పోకుండా వంటింటి తలుపు వేసి, కిటికీ బిగించి, తనే వేపుడికి దిగారు.

లోపల్నుంచి మొదట పాట వినపడింది. తర్వాత దగ్గు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. భయమేసి తలుపు కొట్టబోతుంటే ఆయనే బయటికొచ్చారు. బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంది. మొహం నా మొహం కన్నా ఎర్రగా ఉంది.

"తులసీ, వంటింట్లో ఇంత వేడా?" అన్నారు.

కొత్త దేశం కనిపెట్టినట్టున్నారు. వచ్చే నవ్వు ఆపుకున్నాను. మొహం కదిలించొద్దన్నారు డాక్టరు.

మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్ ఇశ్రాయేలు వచ్చాడు. వంటింటి గోడకి కన్నం కొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించేశాడు. ఆ ఫ్యాను నేను కాపురానికొచ్చిన ఏడాదే అడిగాను. మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు కళ్ళు తిరిగి పడిపోయి మరీ అడిగాను. వాడిప్పుడు ఇంజనీరింగు! అడిగినప్పుడల్లా ఆగ్నేయం గోడకి కన్నం పడితే ఇంటికి అరిష్టమన్నారు. ఇరవై రెండేళ్ళుగా కదలని వాస్తు, ఒక్క కొరమీను వేగేసరికి మారిపోయింది! కోపం రాలేదంటే అబద్ధమే. మొహం మండుతున్నదానికన్నా అదే ఎక్కువ మండింది.

వారం గడిచింది. పొట్టు రాలింది. మచ్చలు చాలావరకు తగ్గాయి. మా ఆయన నన్ను స్వయంగా వంటింట్లోకి తీసుకెళ్ళి, స్విచ్ వేసి, గిర్రున తిరుగుతున్న ఫ్యానుని గర్వంగా చూపించారు.

"చూడు, ఎంత గాలో! ఇంక నువ్వు ఎంతసేపు నిలబడినా ఫర్వాలేదు" అన్నారు.

చెప్పి, కంచం ముందు కూర్చున్నారు. నేను పెనం పెట్టాను.

ఆయన చెయ్యి కడుక్కుని మార్కెట్‌కి వెళ్ళాక, క్లినిక్‌కి ఫోన్ చేశాను. పద్మశ్రీ నా గొంతు గుర్తుపట్టింది.

"మొహమెలా ఉంది మేడమ్? ఇంకో సిట్టింగేమన్నా కావాలా?"

"మొహం బానే ఉందమ్మా. నిలబడకూడదని చెప్పే ట్రీట్‌మెంటు ఏదైనా ఉందా మీ దగ్గర?"

"నిలబడకూడదనా? దేనికి మేడమ్?"

"కూర్చుని, వేడిగా అన్నం తినడానికి" అన్నాను.