మార్కెట్ మలుపులో మిగులు సంతృప్తి

మహానగరాలు నేల మీద పెరగవు, కాగితం మీద పెరుగుతాయి. ఆ ప్రకారం విశాఖపట్నం గత మార్చిలో పెరిగి పెరిగి అనకాపల్లి మార్కెట్ మలుపు దాకా వచ్చింది. అక్కడ అప్పలకొండమ్మ ఇడ్లీ బండికి సరిగ్గా ముప్పై ఒక్క మీటర్ల దిగువన, 2047 నాటికి ఒక స్టేషను రావచ్చునని భూగర్భ రైలు విస్తరణ పూర్వపరిశీలనా మండలి ప్రకటించింది. (రాకపోవచ్చునని కూడా ప్రకటించింది. మండలి దేనికైనా సిద్ధంగానే ఉంది.)

ప్రస్తుతానికి ఆ మలుపులో ఉన్నది ఉదయం ఆరూ నలభై బస్సు. దానికోసం రోజూ ఇరవై మందిమి దాకా నిలబడతాం. మాలో శాంతమ్మ గాజువాకలోని ఒక ఆసుపత్రిలో ఆయా. ఎనిమిదింటికల్లా వార్డులో ఉండాలి. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది, మూడోసారి అయితే ఇక రావద్దన్నారు. తర్వాతి బస్సు ఏడున్నరకు గాని లేదు. ఇది తెలిసిన కండక్టరు బంగారయ్య, ఆమె నొప్పి మోకాళ్లతో మలుపు తిరిగి వచ్చేదాకా, టిక్కెట్ల మిషను మొరాయించినట్టు దాన్ని రెండు నిమిషాలు తడుతూ ఉంటాడు. (ఏ నియమావళిలోనూ లేని ఈ రెండు నిమిషాల గురించి మేమెవరమూ బయట అనలేదు.)

రైలు పొడిగించాలంటే ముందుగా ప్రజల ఇబ్బందిని కొలవాలి. అది నూటికి అరవై దాటితేనే సొరంగం తవ్వుతారు. కొలవడానికి పూర్వపరిశీలనాధికారి దేవీప్రసాద్ గారు ఒక టెంటు, ఇరవై ఒక్క ప్లాస్టిక్ కుర్చీలు తీసుకుని దిగారు. అలసటలో ఇచ్చిన సమాధానం శాస్త్రీయం కాదని పద్నాలుగో నియమం. కాబట్టి ప్రయాణికుణ్ణి నీడన కూర్చోబెట్టి, చల్లటి నీళ్లిచ్చి, పది నిమిషాలు సేదతీరనిచ్చాకే ఇబ్బంది సంగతి ఎత్తాలి.

ఆ మలుపులో కూర్చోవడం మా అందరికీ అదే మొదటిసారి. రెండో రోజు నుంచి ఆరు గంటలకే వచ్చేశాం. నాకు కళ్లజోడు ఉంది గనక ఫారాలు నింపే పని నాకు అప్పగించారు.

"అమ్మా, ప్రస్తుత ప్రయాణంలో మీకేమైనా ఇబ్బంది ఉందా?" అని దేవీప్రసాద్ గారు శాంతమ్మను అడిగారు.

ఆమె చేతిలోని గ్లాసు వైపు చూసింది. "ఇబ్బందేటుంటాది బాబూ? సల్లగా కూకోబెట్టేరు, నీల్లిచ్చేరు. ఏటీ నేదు."

"మరి మోకాళ్ల మాటేటే పిన్నీ?" అని అప్పలకొండమ్మ బండి దగ్గర్నుంచి అరిచింది.

"నువ్వు నోర్ముయ్యే! ఇంటికొచ్చినోల్ల కాడ కస్టాలు సెప్పుకుంతారేటి?"

"ఇల్లేటి, రోడ్డు కదా ఇది!"

"ఏదైతే ఏటి, ఆయన మనూరికి కొత్త. బాబూ, మీరు ఇడ్లీ తిన్నారా? ముందు అది సెప్పండి."

పక్క కుర్చీలోని చెరుకు రైతు అప్పలరాజు నా చెవి దగ్గరకు వంగాడు. "ఉందని రాసేత్తే ఆపీసరు గారికి పైవోల్ల కాడ మాటొత్తాదేమో మాస్టారూ. నేదనే ఎయ్యండి."

నేను 'లేదు' అని వేశాను. అక్షరాలు గుండ్రంగా కూడా వచ్చాయి.

నాలుగు రోజుల్లో ఎనభై ఆరు ఫారాలు నిండాయి. వాటిలో ఇబ్బంది ఉందన్నవి రెండు. ఆ ఇద్దరికీ కుర్చీలు అందలేదు.

మూడు నెలలకు నివేదిక వచ్చింది. మార్కెట్ మలుపులో సంతృప్తి తొంభై ఎనిమిది శాతం. కనుక రైలు అవసరం లేదు, సంతృప్తి సహజ కారణాల వల్ల తగ్గితే 2061లో మళ్లీ చూస్తారు. అక్కడితో ఆగినా బాగుండేది. మా స్థాయి ఊరికి అనుమతించదగిన సంతృప్తి యాభై ఐదు శాతమేనట. మిగిలిన నలభై మూడు శాతాన్ని వృథా చేయకుండా, సంతృప్తి కొరత ఉన్న ప్రాంతాలకు తరలించాలట. సంతృప్తిని విడిగా మోసుకెళ్లే వాహనం ఇంకా రాలేదు గనక, సిఫారసు మేరకు ఆరూ నలభై బస్సునే కోటవురట్ల వైపు తిప్పేశారు.

బస్సు తిప్పేసిన సోమవారం శాంతమ్మ ఏడున్నర బస్సెక్కింది. వార్డులో పెద్ద నర్సు ఫెబా ఏమీ అడగకుండా హాజరు పుస్తకంలో ఎనిమిది అని వేసింది. అలా పది రోజులు వేసింది. పదకొండో రోజున గుమ్మంలో వేలిముద్ర మిషను పెట్టారు.

అంతకు ముందే నేను శాంతమ్మ తరఫున మండలికి అర్జీ రాశాను. ఆరూ నలభై బస్సు లేక ఎనిమిదింటికి ఆసుపత్రికి చేరలేకపోతున్నానని, దయచేసి తిరిగి వేయించమని.

"మరీ గట్టిగా రాయకండి మాస్టారూ. ఆ ఆపీసరు బాబేటి సేత్తాడు పాపం," అంటూనే సంతకం పెట్టింది.

పన్నెండో రోజున ఆసుపత్రివాళ్లు ఆమెను ఇక రావద్దన్నారు. ఇరవై ఒకటో రోజున మండలి జవాబు వచ్చింది. శాంతమ్మ కవరు చింపకుండా పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఏటన్నారు మాస్టారూ?"

చదివాను.

"అర్జీదారు ప్రస్తుతం ఎనిమిది గంటలకు ఎక్కడికీ చేరవలసిన అవసరం లేదని మా విచారణలో తేలినందున, సమస్య పరిష్కారమైనట్టు నమోదు చేయడమైనది."