మా అరుగు మీద స్వరాజ్య సభ

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. ఈ కథలో ఓడిపోయింది నేనే కాబట్టి, నవ్వే హక్కేదైనా ఉంటే అది ముందు నాకే ఉంది. మీ వంతు తరవాత.

అప్పటికి మేం విజయనగరం నుంచి అరకు వచ్చి కొన్నేళ్ళయింది. ఉప్పూ గుడ్డలూ అమ్మడం, పసుపూ పిప్పళ్ళూ కొనడం నా వ్యాపారం. సంత శుక్రవారం ఒక్కరోజే. మిగతా వారమంతా మనిషన్నవాడు ఏం చేస్తాడు? నేను దేశాన్ని బాగుచేసేవాణ్ణి. సంతలో అందరూ నన్ను సట్టాల సావుకారు అనేవారు. సర్వేశ్వరరావు అనే పేరు మా నాన్న అనవసరంగా పెట్టాడు.

ఆ ఏడు, దేశానికి ఎలాంటి పరిపాలన ఇవ్వాలో చూసిపోవడానికి లండన్ నుంచి కమీషను వచ్చిందని పత్రికలో చదివాను. ఊరూరా వెళ్ళిపొమ్మంటున్నారట. నేనూ వెళ్ళిపొమ్మనేవాణ్ణే, కాకపోతే వెళ్ళేముందు నా మాట విని వెళ్ళమంటాను. వాళ్ళు అరకు రారు కాబట్టి ఆ మాటలన్నీ మా ఆవిడ పైడితల్లికి చెప్పేవాణ్ణి.

"గవర్నరుకి మూడేళ్ళకోసారి ఎన్నిక. ఓడిపోతే బంగళా ఖాళీచేసి అద్దింటికి పోవాలి. దావా వేసినవాడు బతికుండగానే తీర్పు రావాలి. చట్టాలన్నీ తెలుగులో ఉండాలి, భోంచేసి కునుకు పట్టేలోగా చదివెయ్యగలగాలి. ఉప్పు మీద పన్ను రద్దు."

"పన్ను పోతే మన కొట్లో ఉప్పు ధర తగ్గిస్తారేటి?" అంది తిరగలి ఆపకుండా.

"అది ఉపసంఘం చూసుకుంటుంది. ఇంకోటి విను. వెట్టి రద్దు. కూలివ్వకుండా ఎవరిచేతా పని చేయించకూడదు."

"ఆడోళ్ళకి ఓటుందా?"

"రెండో విడతలో."

"అయితే మొదటి విడతలో వంట మీరు సేసుకోండి."

ఇలా దేశం ఒక దారిలో పడుతుండగా, ఒక బుధవారం శృంగవరపుకోట నుంచి కబురొచ్చింది. మా మరదలికి తొలికాన్పు, నెలలు నిండాయి. అత్తగారు పోయి రెండేళ్ళయింది, ఆ పిల్లకి అక్క తప్ప దిక్కు లేదు. శుక్రవారం సంత అయ్యాక బండ్లు ఘాటీ దారిన కొండ దిగి కోటకి పోతాయి. అవి తప్పితే మళ్ళీ వారం దాకా లేవు.

"నానెల్తాను. తల్లి లేని గుంట. నాను ఎల్లకపోతే దాని సెయ్యి ఎవరట్టుకుంటారు?" అంది పైడితల్లి.

నాకు పంపాలని లేదు. అలాగని వెళ్ళొద్దని శాసించడానికి నేనేమైనా గవర్నర్నా? ప్రజాస్వామ్యవాదిని.

"ఇకమీదట ఈ ఇంట్లో ఏ నిర్ణయమైనా ప్రజాభిప్రాయం ప్రకారమే," అన్నాను.

"ఇంట్లో ఇద్దరిమే. అందులో నా ఓటు రెండో విడత. ఇంక ప్రెజలెవరండి?"

అదీ నిజమే. అప్పుడే నాకు బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. పక్క కొండఊరి వాళ్ళంతా నా కొట్లోనే ఉప్పు కొంటారు. ఇన్నేళ్ళుగా ప్రతి సంతకీ ఒక్కొక్కరికీ గుప్పెడు కొసరు వేశాను. నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తే వాడెవడు? ఊరిని పిలిచి తేల్చుకుందామన్నాను.

"అలాగే. ఆళ్ళు ఎలాగంటే అలాగే," అంది పైడితల్లి. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

అక్కడ ఊరిపెద్దని నాయుడంటారు. ఆ నాయుడు మంగ్లు దగ్గరికి వెళ్ళి, మర్నాడు పొద్దున్నే మా అరుగు మీద సభ అన్నాను.

"నువ్వే పిలుస్తన్నావా బాబూ?"

"నేనే."

"ఊరందర్నీ?"

"చంటిపిల్లలతో సహా," అన్నాను ఉదారంగా. మంగ్లు ముఖం వెలిగిపోయింది. కొండల్లో కూడా రాజకీయ చైతన్యం వచ్చేసిందని పొంగిపోయి ఇంటికొచ్చాను.

గురువారం పొద్దున్న ఊరు ఊరంతా వచ్చింది. ముసలివాళ్ళొచ్చారు, బాలింతలొచ్చారు, రెండు కుక్కలొచ్చాయి. కుక్కలు తప్ప అందరి చంకల్లోనూ అడ్డాకు విస్తళ్ళున్నాయి.

"విస్తళ్ళెందుకు?" అన్నాను.

"సభ పిలిసినోడే కూడెట్టాల బాబూ," అన్నాడు మంగ్లు. "మాట ఒకటయ్యేదాకా. అందాకా ఎవురం లెగం. మా పద్దతి అదే. కడుపు కాలినోడు కోపంగా మాటాడతాడు కదా."

వాకిట్లో నిలబడ్డ పైడితల్లి ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆ ఊళ్ళో సోములమ్మ అనే ముసలమ్మతో మా ఆవిడకి మంచి స్నేహం. పద్ధతులన్నీ ముందే తెలుసన్నమాట.

"కాస్త అందరికీ వండి పెడుదూ," అన్నాను నెమ్మదిగా.

"కూలెంతిస్తారు?"

"కూలేమిటే?"

"వెట్టి రద్దు సేసేసారు కదండీ. ఇంటోళ్ళకి వండితే సంసారం. దేశానికి వండితే ఉజ్జోగం." అని పీట తెచ్చుకుని సోములమ్మ పక్కన కూర్చుంది.

నేను పొయ్యి రాజేశాను. అంతకుముందు నేను రాజేసింది చుట్ట ఒక్కటే. అన్నం కింద మాడింది, పైన పలుకుగా ఉంది, మధ్యలో ఒక పొర మాత్రం అన్నంలాగే ఉంది. రోజూ చోడిపిండి అంబలి తాగేవాళ్ళకి వరన్నం కదా, పొరలు లెక్కచెయ్యకుండా తిన్నారు. పప్పు నోట్లో పెట్టుకుని భీముడనే కుర్రాడు, "సావుకారి ఉప్పు కొట్లోనే ఉండిపోనాదిరా," అన్నాడు.

భోజనాలయ్యాక గొంతు సవరించుకుని, మా ఆవిడ కోటకి వెళ్ళకూడదనేవాళ్ళు చేతులెత్తండన్నాను. చేతులన్నీ లేచాయి. చంటిపిల్లల చేతులు తల్లులెత్తారు. ఒక్క సోములమ్మ మాత్రం చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, కొండకేసి చూస్తూ కూర్చుంది.

"అఖండమైన మెజారిటీ. సభ ముగిసింది," అన్నాను.

ఎవరూ లేవలేదు.

"ఇంకా సోములమ్మ ఉంది కదా బాబూ," అన్నాడు మంగ్లు.

"ఆవిడొక్కతేగా?"

"ఒక్కతైనా ఉంది కదా."

ఈ వాదానికి జవాబు పార్లమెంటులో కూడా దొరకదు. సోములమ్మ నా వైపు తిరిగి, "ఎందుకెల్లకూడదంటావు?" అంది.

"ఘాటీలో పులి తిరుగుతోంది."

"బండోళ్ళ సుట్టల కంపుకి పులి ఒడిసా ఎల్లిపోద్ది. ఇంకో మాట సెప్పు."

"కోటలో మంచి మంత్రసానులున్నారు."

"ఉంటే ఆళ్ళు తోడబుట్టిన అప్పయిపోతారేటి? ఇంకోటి."

"కొట్లో నాకు సాయం కావాలి."

"వారానికోరోజు సంత. ఇంకోటి." నా దగ్గర ఇంకోటి లేదు. "అలాగైతే నాను ఆలోసించుకోవాల," అంది ఆవిడ. సభంతా తల ఊపింది. ఆలోచన సాయంత్రం భోజనాల దాకా సాగింది. భోజనాలయ్యాక నిద్రొస్తోంది, పొద్దున్న ఆలోచిస్తానంది. ఊరంతా మా వాకిట్లో నెగళ్ళేసుకుని అరుగు మీదా, అరుగు చుట్టూ పడుకుంది.

శుక్రవారం పొద్దున్న అంబలి కాశాను, ఉండలు కట్టింది. సంతకొచ్చినవాళ్ళు సభ దాటి కొట్లోకి రాలేకపోయారు. వచ్చినవాళ్ళలో కొందరు, ఏం జరుగుతోందని అడిగి, విస్తరి పరుచుకుని కూర్చున్నారు. చెయ్యి కాలింది, పొగకి కళ్ళు వాచిపోయాయి, బియ్యం బస్తా చదునైపోయింది. అప్పుడే నాకింకో సంస్కరణ తోచింది. శాసనసభ సభ్యులు ఎవరి ప్రతిపాదనకి వాళ్ళే వండి అందరికీ వడ్డించాలని చట్టం పెడితే, దేశంలో అనవసరమైన చట్టం ఒక్కటీ పుట్టదు. చెబుదామంటే మా ఆవిడ వినేటంత దగ్గర్లో లేదు. మూట కట్టుకుంటోంది.

మధ్యాహ్నానికి బండ్లకి ఎడ్లని కడుతున్న చప్పుడు వినిపించింది. పైడితల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బండ్లకేసి చూసింది, నాకేసి చూసింది. ఆ చూపుకి నేను దిగివచ్చాను.

"సరే, వెళ్ళనివ్వండి. నాకిష్టమే," అని అరిచాను.

ఇక లేస్తారనుకున్నాను. భీముడు అడ్డం తగిలాడు.

"నాను నిన్న నీ మాటకే సెయ్యెత్తేను. ఇయాల దించమంటే ఎలాగ దించుతాను? ఎందుకో సెప్పాల కదా," అన్నాడు. మిగతావాళ్ళూ అదే అన్నారు. నేను సంపాదించుకున్న మెజారిటీ నా మీదే తిరగబడింది.

"నువ్వు నిజం సెప్పనేదు బాబూ. అందికే మాట ఒకటవనేదు. బేగి సెప్పు, బండ్లు ఎల్లిపోతాయి," అంది సోములమ్మ.

చేతిలో గరిటె, ఒంటినిండా మసి, ముందు ఊరంతా. ఇక నావల్ల కాలేదు.

"ఆవిడ లేకపోతే నాకు తోచదు," అన్నాను. "పెళ్ళయినప్పటినుంచీ ఒక్కరోజు విడిచి ఉండలేదు. నా మాటకి అడ్డు చెప్పే మనిషి ఎదురుగా లేకపోతే నాకు ముద్ద దిగదు. బెంగ. చాలా?"

గుమ్మంలో పైడితల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. పొగ అటు వెళ్ళడం లేదు, నేను చూశాను.

"ఓలమ్మ, ఇదీ మాటంటే," అంది సోములమ్మ. "నిన్న పొద్దున్నే సెప్పుంటే ఒక్క పూట కూటితో పోయేది. నీకు బెంగే, కోటలో ఆ గుంటకీ బెంగే. నీకు కూకోడానికి ఊరుంది. దానికి అప్ప తప్ప ఎవురున్నారు? ఎల్లనీ."

భీముడు తలూపాడు. మంగ్లు తలూపాడు. మాట ఒకటైంది. మూట నేనే మోసుకెళ్ళి బండిలో పెట్టాను. ఓడిపోయినా ఎందుకో తేలిగ్గా అనిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే అరుగు మీద ఒక్కరూ లేవలేదు.

"తేలిపోయింది కదా నాయుడూ," అన్నాను.

"ఎల్లడం తేలింది బాబూ. ఎప్పుడు రావాలో తేలనేదు కదా," అన్నాడు మంగ్లు విస్తరి దులుపుకుంటూ.

బండి దగ్గరికి పరిగెత్తాను. "పైడితల్లీ, ఎప్పుడొస్తావో ఒక్క మాట చెప్పి వెళ్ళు. వాళ్ళు లేస్తారు."

తడి కళ్ళతోనే నవ్వింది మా ఆవిడ. "నానెలా సెప్తానండీ, ప్రెజలుండగా. కూకోబెట్టి తేల్చండి. ఈలోగా మీకూ తోస్తాది."

బండి కదిలింది. నేను ఇంటికొచ్చి ఎసరు పెట్టాను.